నడుమెత్తు కత్తిపీట

శ్రీకాకుళం, జూన్ 3

ప్రియమైన అప్పా,

నువ్వు దొంగవి. మోకీలు మార్చి మూడు నెలలైంది. కుట్లు మానాయి, కాలు చక్కగా వంగుతోందని డాక్టరే నాతో అన్నాడు. నువ్వేమో "నొప్పి, నొప్పి" అంటూ మంచం దిగవట! నీ కోడలు ఈశ్వరి ఫోన్‌లో ఏడ్చింది. నువ్వు ఫోనెత్తవు కాబట్టే ఈ ఉత్తరం. ఆడదాని మోకాలు అరిగేదాకా ఎవరికీ పట్టదు. బాగయ్యాక "ఇక ఓ మూల కూర్చో" అంటారు. వాళ్లు అనకముందే నువ్వు కూర్చున్నావా? నిజం రాయి.

కోపంతో, నీ చెల్లి గౌరి

పేట, జూన్ 8

ఒసే గౌరీ, నా బంగారు సెల్లీ,

దొంగనే. నొప్పి లేదు. ఈశ్వరి నీళ్లకెల్తే ఇంటి సుట్టూ తిరుగుతన్నాను. పదేళ్ల తర్వాత కాలు సాపుకుని నిద్రోతన్నాను.

కానీ డాక్టరు బాబు ఏటన్నాడో తెలుసా? జన్మలో గొంతుక్కూకోకూడదట! కత్తిపీట కాలితో తొక్కిపెట్టి, గొంతుక్కూకునే కదే మనం సేప కోసేది? ముప్పయ్యేళ్లు బజార్లో అదే నా సోటు. వేట నిషేధం పదిహేనుకి తీరతాది, పడవలెల్తాయి. నొప్పి ఉందంటే "రేపొస్తాను" అనొచ్చు. లేదంటే "ఇంక రాలేను" అని నా నోటితో సెప్పాల.

నీ అప్ప తవిటమ్మ

శ్రీకాకుళం, జూన్ 11

అప్పా,

తప్పు మోకాలిది కాదు, బజారుది! చేప గొంతుక్కూర్చునే కొయ్యాలని ఏ సముద్రం చెప్పింది? ఆఫీసులో కాగితం కత్తిరించేవాడికి బల్ల, కుర్చీ, ఫ్యాను. బుట్టలకి బుట్టలు కోసే నీకు తడినేల! కత్తిపీటని ఎత్తు బల్లకి బోల్టులతో బిగిస్తే కాలితో పనేముంది? వెల్డింగు జోగయ్య మావకి చెప్పాను, బల్ల చేసి తెస్తాడు. నవ్వేవాళ్లని నవ్వనీ.

ఇంకా కోపంగానే, గౌరి

పేట, జూన్ 20

గౌరీ, నా తల్లీ,

బల్లేసీసాను. పక్క సోటు బుల్లమ్మ "కలెక్టరమ్మొచ్చింది, లెగండే!" అంది. బజారంతా ఒకటే నవ్వు. నిలబడీ, అలిసిపోతే ఎత్తు స్టూలు మీద కూకునీ బుట్టెడు కోసీసాను. మజ్జాన్నానికి బుల్లమ్మే మోకాళ్లు పట్టుకుని లెగిసి, "అప్పా, ఓపాలి నన్ను కొయ్యనీ" అంది. మరి దిగితేనా! ఇప్పుడు ఏడుగురు అలాటి బల్లే కావాలని అడుగుతన్నారు.

ఈశ్వరికి నిజం సెప్పీసాను. తిట్టింది, నవ్వింది, నా బుట్ట కడిగి పెట్టింది.

ఎనక పేజీలోది పంచాయితీకి అర్జీ. ఉపన్యాసం కలపకు, ఉన్నదున్నట్టు రాయి.

నీ అప్ప, సేపల తవిటమ్మ

1. అందరికీ నడుమెత్తు గట్టు కట్టాల.
2. గట్టు పక్కనే కుళాయి.
3. కుర్చీలాగ కూకునే మరుగుదొడ్డి.
4. ఆపరేషనైన మనిషి సోటు ఇంకొకరికి ఇవ్వకూడదు.
5. ఇది నీకు: "కాలెలాగుంది" అని ఇంక అడగొద్దు. ఆదివారం బజారుకొచ్చి "వంజరం ఎంత" అని అడుగు.