బ్యాండ్ లేని నా పాటలు

చింతపల్లి, బుధవారం

మా రాక్ బ్యాండ్‌తో పనిలేకుండా నేనొక్కడినే పాడిన ఆల్బమ్ ఈరోజు విడుదలైంది. ముందుగా మా డ్రమ్మర్ గంగులుకే వినిపించాలనిపించి, కొండ మీద వాళ్ల కాఫీ తోటకు వెళ్లాను. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అన్ని పాటలూ విన్నాడు. అతని వేళ్లు ఒక్కసారి కూడా మోకాలి మీద దరువు వేయలేదు.

"బాగున్నాయి. డ్రమ్స్ ఎవులు వాయించినారు?" అన్నాడు.

"కంప్యూటర్‌లో పెట్టించాను."

ఇయర్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చాడు. ఆదివారం ప్రాక్టీసుకు వస్తానన్నాను.

"రాకపోయినా పర్లేదురా. నీకు ఖాళీ ఉండదని మా చెల్లి సేత పాడిత్తన్నాం."

అతని గొంతులో కోపం లేదు. సరేనన్నాను. జీపులో కిందికి వస్తున్నంతసేపూ బాధ కలుగుతుందేమోనని చూశాను. కలగలేదు. ఇప్పుడూ లేదు.

ఆ పిల్ల బాగానే పాడుతుంది. నేర్పింది నేనే.