నూరా నోట్లో పచ్చగన్నేరు పువ్వు

సుబ్బన్నా,

ఫోను వంటింట్లోనే మర్చిపోయి ఎరువు కోసం సులైబియాకు పోయినావు. అందుకే ఇది రాసిపెడుతున్నా. రాగానే గోడవార ఉన్న పచ్చగన్నేరును వేళ్లతో సహా పెరికి, సంచిలో వేసి గట్టిగా కట్టు. గ్లౌజులు వేసుకో, దాని పాలు చేతికి అంటనీయొద్దు. మందారాల జోలికి పోవద్దు, అవి ఉండనీ.

యజమానురాలి బిడ్డ నూరా పాప ఆ పువ్వు తేనె పీల్చింది. తేనెపిట్ట ముక్కు పెట్టి తాగుతుంటే చూసి తానూ అట్లే చేసిందంట. "తియ్యగుంది, కళా!" అని నాకూ ఒక పువ్వు తెచ్చిచ్చింది. ఎన్ని పీల్చిందో, ఏమైనా మింగిందో తెలీదు. రెండుసార్లు కక్కుకుంది. 

పిట్టలు వచ్చే పూలు కావాలని మన యజమానురాలు మామా అడిగినప్పుడు మందారం చాలని నేనంటే, పచ్చగన్నేరు కూడా తెచ్చి నాటి "దీనికైతే పిట్ట వదలకుండా వస్తాదే" అన్నావు. విషమని తెలిసీ నేను గట్టిగా అడ్డం పడలేదు.

మామా బిడ్డనెత్తుకుని "ఏం తినింది?" అని అరిచింది. దాచకుండా విషమని చెప్పేసినా. డాక్టరుకు చూపించడానికి కొమ్మ విరిచి పట్టుకున్నా. ఎవరు నాటారని ఆమె ఇంకా అడగలేదు. అడిగితే ఇద్దరిదీ తప్పని చెప్తా. కారు హారన్ కొడుతోంది, పోతున్నా.

కళావతి

భయపడి ఎక్కడికీ పోవద్దన్నా. మేం తిరిగొచ్చేసరికి ఇంట్లోనే ఉండు. ఆమె ముందు నేనొక్కదాన్నే నిలబడలేను.