నాలుగు స్క్రూలు విప్పి చూడండి

ముందుగా తప్పులకు క్షమించాలి. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. అక్షరాలు వంకర పోతే భయపడి రాశాననుకోవద్దు. పగలంతా రాగితీగ చుట్టే వేళ్ళు ఇలాగే రాస్తాయి.

గిటార్లు బాగుచేసే మేస్త్రీకి భార్యను, ఆ ఇంటికి చిన్న కోడలిని అయిన నేను, సోమవారం కడుపు ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరబోతూ, మతి స్థిమితంగా ఉండగా, ఒకరు చెప్పి రాయించగా కాక నా అంతట నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. పెద్ద ఆపరేషన్ కాదని డాక్టరమ్మ అంది. అయినా ఈ ఇంట్లో నా మాట చివరిదాకా ఎవరూ విన్న పాపాన పోలేదు గనుక, వినక తప్పని కాగితం మీద పెడుతున్నాను. అమలు జరిపే బాధ్యత పక్కింటి టైలరక్కది.

1. షాపు గోడకు రెండు ఎలక్ట్రిక్ గిటార్లు వేలాడుతున్నాయి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే మీగడ రంగు. పాతది మామగారిది. పెద్దకొడుక్కని చెప్పి పోయారు. కొత్తది పెళ్ళయిన ఏడాది మా ఆయన నాకు కొన్నది. నేర్పిస్తానన్నారు, తీరిక దొరకలేదు. మధ్యాహ్నాలు ఆయన కునుకు తీసేటప్పుడు, స్పీకరుకు తగిలించకుండా, చెవి చెక్కకు ఆనించి నేనే నేర్చుకున్నాను. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

2. నెక్‌ల విషయం. నెక్ అంటే వాయించేవాళ్ళు ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి కర్ర, గిటార్ వెనక నాలుగు స్క్రూలతో బిగుస్తుంది. మామగారి నెక్ లావు, పిడికిలి నిండుతుంది. నాది సన్నం, బొటనవేలు తేలిగ్గా చుట్టూ తిరుగుతుంది. మూడేళ్ళ కిందట వాటి మీది అడ్డ కమ్మీలు, అదే ఫ్రెట్లు, మార్చడానికి మా ఆయన రెండూ ఊడదీశారు. కలిసిపోకుండా, బిగించాక కనపడని అడుగు చివర పెన్సిలుతో పాతదానికి ‘పా’ అని, కొత్తదానికి ‘కొ’ అని రాసింది నేనే. బిగించే రోజున బావగారు వచ్చి, “మరదలు పిల్లకి ఏది నెక్కో ఏది చీపురు కర్రో తెలుసా తమ్ముడూ?” అన్నారు. అందరూ నవ్వారు. నేను తల వంచుకుని చేతికి దొరికింది అందించాను. మా ఆయన చూడకుండా బిగించేశారు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

మర్నాడు నా గిటార్ పట్టుకోగానే తెలిసింది. మా ఆయనకు టీ ఇస్తూ, నెక్‌లు రెండూ మారాయేమో అన్నాను. “నువ్వు తీగ చుట్లు లెక్కపెట్టుకోవే, నెక్ సంగతి నీకెందుకు?” అన్నారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం అన్నదమ్ములిద్దరూ వాటిని ఒళ్ళో పెట్టుకుని పోల్చడం, నేను కర్టెన్ వెనక పళ్ళు కొరుక్కోవడం. పాతది సన్నబడింది కదా, నాన్న చెయ్యి రాసీ రాసీ అరిగిందట. కొత్తది లావెక్కింది కదా, వానలకు ఉబ్బిందట. ఉబ్బడానికి అదేమన్నా బిస్కట్టా?

కనుక నా తదనంతరం రెండు నెక్‌లూ ఊడదీసి, అడుగున నా రాత చూసి, ఎవరిది వాళ్ళ గిటార్‌కు బిగించాలి. ఇందుకు ఎవరూ ఏ అభ్యంతరమూ చెప్పకూడదు. వచ్చే నెల బావగారు పాతదాన్ని తీసుకెళ్ళబోతున్నారు. అలాగే తీసుకెళ్తే నేను వేళ్ళు కాయలు కాచేలా నేర్చుకున్న నెక్ నాకు గానీ నా వాళ్ళకు గానీ మళ్ళీ దొరకదు.

3. పికప్ విషయం. పికప్ అంటే తంతుల కింద ఉండి, వాటి మోతను స్పీకరుకు పంపే రాగితీగ చుట్ట. పాతదాని పికప్ నిరుడు మూగబోతే మళ్ళీ చుట్టింది నేను. ఏడువేల ఎనిమిది వందల చుట్లు. చివరి వెయ్యి చుట్లు తీగను కొంచెం వదులుగా వదిలాను, అలా వదిలితే గొంతు విచ్చుకుంటుంది. కొత్తదానిది ఫ్యాక్టరీలో బిగించి చుట్టింది, గీపెడుతుంది. బావగారు పాతదాన్ని వాయించి, “ఆ రోజుల్లో చుట్టిన చెయ్యే వేరురా” అని కళ్ళు మూసుకున్నారు. మా ఆయనకు తెలుసు. పక్కనే ఉండి నోరు మెదపలేదు. నెక్ కన్నా నాకు ఇదే ఎక్కువ గుచ్చుకుంది. పికప్ బావగారే ఉంచుకోవచ్చు. ఎవరి చెయ్యో తెలిసి ఉంచుకోవాలి.

4. నా గిటార్, నా నెక్‌తో సహా, సర్వహక్కులతో మా ఆడపడుచుకు. ఆమె చెయ్యి నా చెయ్యంతే. మామగారి లావు నెక్ చేతికి అందక, తనకు సంగీతం రాదనుకుని ఊరుకుంది.

5. తీగ కోసుకోకుండా వేలికి చుట్టుకునే గుడ్డ మా ఆయనకు. నేను కూర్చుంటే కాళ్ళు అందడంలేదని, అడక్కుండానే బల్ల కాళ్ళు రెండంగుళాలు కోసిన మనిషి. అదీ రాయాలి కదా.

టైలరక్కా, నేను నడుచుకుంటూ ఇంటికి వస్తే ఈ కాగితం ఎవరికీ చూపించొద్దు. నీ పొయ్యిలో పెట్టి కాల్చెయ్యి. ఆ ఆదివారం కర్టెన్ తీసి, స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళి, వాళ్ళిద్దరి ముందూ ఆ నాలుగు స్క్రూలూ నేనే విప్పుతాను.

2026 ఏప్రిల్ 11, శనివారం.

(సంతకం) మేస్త్రీ భార్య, చిన్న కోడలు

సాక్షులు:
మేడమీద అద్దెకుండే నర్సమ్మ
ఎదురింటి లెక్కల మాస్టారు (తప్పులు దిద్దబోతే నేనే వద్దన్నాను)