రెండింటికి మట్టి మాట

మెయిన్ బజారు,
తిరువూరు.

మన మెట్ట రేడియో వారికి పరమేశ్వరి నమస్కరించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ క్షేమమేనని వింటూనే ఉన్నాం, మీ కొత్తమ్మాయి షైని అంత గొంతు చించుకుంటోంది కాబట్టి. అసలు సంగతి అదే. మధ్యాహ్నం రెండింటికి వచ్చే 'మట్టి మాట' తీసుకెళ్ళి పొద్దున్నే ఆరింటికి వేశారు. దాని చోట ఈ అమ్మాయి 'హుషారు' పెట్టారు. మేము కిరాణా వ్యాపారస్తులం, సెంటు పొలం లేదు. అయినా మావారు రాజేంద్రప్రసాద్ గారు భోంచేసి మంచమెక్కితే మట్టి మాట ఉండాల్సిందే. భూసారం గురించి ఆ పెద్దాయన చెబుతుంటే మా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదో చెప్పలేను. ఇప్పుడు అదంతా పోయింది. దయచేసి పాత టైముకే వేయించగలరు.

ఇట్లు,
పరమేశ్వరి

తా.క.: జవాబు షాపుకి పంపకండి. పక్కింటి అక్కమ్మ గారి పేరున రాయండి. వాట్సాప్ అసలే వద్దు, ఆ ఫోను మావారిది.


చెల్లెమ్మ పరమేశ్వరికి గిరిబాబు ఆశీస్సులు.

మీ ఉత్తరం చదివి నా కళ్ళు చెమర్చాయి. ఆ పెద్దాయనను నేనేనమ్మా. వ్యవసాయ శాఖలో రిటైరై, ఊరికే కూర్చోలేక ఈ కార్యక్రమం చేస్తున్నాను. టైము మార్చింది కమిటీ వాళ్ళు. "మీది ఎవరూ వినట్లేదండీ, ఒక్క ఉత్తరమైనా చూపించండి" అన్నారు. చూపించలేకపోయాను. ఇప్పుడు చూపించాను. షైని అందరి ముందూ చదివింది. నేను రెండోసారి కూడా చదివించాను.

ఈ బుధవారం ఒక్కరోజుకి రెండింటి టైము ఇచ్చారు. జనం మెచ్చితే ఉంచుతారట. అందుకని కొన్ని హంగులు చేర్చాను. మొదట్లో డప్పులు, ప్రతి ప్రశ్నకీ కరెంటు బెల్లు. గొంతు కూడా బాగా పెంచుతాను. మీవారిని రేడియో చెవి దగ్గరే పెట్టుకోమనండి.

మీ మేలు కోరే
గిరిబాబు

తా.క.: ఆ ఉత్తరం నేనే ఎవరిచేతో రాయించుకున్నానని మా ఆవిడ సరోజినీదేవి అనుమానం. మీకు తెలిసినవాళ్ళ చేత ఇంకొకటి రాయిస్తే ఇంట్లో నా పరువు నిలబడుతుంది.


అన్నయ్య గారికి పరమేశ్వరి నమస్కారాలు.

బుధవారం డప్పులు మోగగానే మావారు లేచి కూర్చున్నారు. బెల్లు మోగగానే చొక్కా వేసుకుని షాపుకొచ్చేశారు. ఆయన షాపులో ఉంటే ఏమవుతుందో మీకు తెలియదు. ఎ.కొండూరు నుంచి ఒకావిడ అప్పడాల కోసం వస్తే, ఈ వయసులో అంత ఉప్పు మంచిది కాదని చెప్పి ఉత్త చేతులతో పంపించారు. నూనె కొనబోయిన పెద్దాయనకి గుండె గురించి చెప్పారు. ఆయన చెయ్యి గుండె మీద వేసుకుని వెళ్ళిపోయాడు.

మీకు పుణ్యముంటుంది, హంగులొద్దు. పాత పద్ధతిలోనే చెప్పండి. గొంతు పెంచకండి, వీలైతే ఇంకాస్త తగ్గించండి. నత్రజని గురించి చెప్పిన రోజు ఎంత బాగుందో. మా ఇంట్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు.

మీ చెల్లెలు
పరమేశ్వరి

తా.క.: పొటాష్ కూడా బాగానే పనిచేసింది.


చెల్లెమ్మా,

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి శ్రోత నాకు తగల్లేదు. చిన్న డప్పు చప్పుడుకే మనసు చెదిరిందంటే ఆయనది ఎంత శ్రద్ధో. బెల్లు తీయించేశాను. కమిటీ వాళ్ళు కూడా కదిలిపోయారు. ఆ శ్రోతను చూపిస్తే రెండింటి టైము మళ్ళీ నాకే ఇస్తామన్నారు.

కాబట్టి వచ్చే శుక్రవారం మీ ఇంటి నుంచే ప్రత్యక్ష ప్రసారం. షైని మైకు తెస్తుంది. నేను మీవారి మంచం పక్కనే కూర్చుని మట్టి మాట చెబుతాను. అది కాగానే ఆయన తన అభిప్రాయం చెబుతారు. తర్వాత శాలువా.

మీ అన్నయ్య
గిరిబాబు

తా.క.: ఆయనకి ముందుగా చెప్పకండి. నిద్రలో కూడా ఊహించి ఉండరు.


అన్నయ్య గారూ,

మీరు శుక్రవారం రావద్దు. నిజం రాస్తున్నాను, తిట్టుకోకండి. మీరు నోరు తెరవగానే మావారు నిద్రపోతారు. మీరు ముగించేదాకా లేవరు.

ఆ కాసేపూ నేను షాపులో కూర్చుంటాను. మగాడు మెలకువగా ఉండగా కోడలు గల్లా దగ్గర కూర్చోవడం మా అత్తగారు మాణిక్యమ్మ గారికి గిట్టదు. కొడుకు నిద్రపోతే మాత్రం "వాణ్ణి లేపకు, నువ్వే పోయి చూడు" అంటారు. గంపలగూడెం ఆటో దిగిన ఆడవాళ్ళు తిన్నగా నా దగ్గరికే వస్తారు. బేరమాడతారు, కబుర్లు చెబుతారు, నవ్విస్తారు. రోజు మొత్తంలో నాదనిపించేది ఆ కాసేపే. దానికోసం మీకు ఆశ పెట్టాను. నాకే సిగ్గుగా ఉంది.

పరమేశ్వరి

తా.క.: ఒకరిని నిద్రపుచ్చడమూ తేలిక కాదన్నయ్య గారూ. షైని వల్ల కాలేదు కదా.


చెల్లెమ్మ పరమేశ్వరికి,

మీవారు నిద్రపోతారని తెలిశాక నాకు నోరు పెగలడం లేదు. ఈ ఆదివారంతో మట్టి మాట మానేస్తున్నాను. మీ తప్పేమీ లేదు.

గిరిబాబు

తా.క.: కవరు అంటించే ఓపిక కూడా లేక కార్డు రాస్తున్నాను.


గిరిబాబు గారికి రాజేంద్రప్రసాద్ నమస్కారం.

మా ఆవిడని చెల్లెమ్మా అన్నారు కాబట్టి మీరు నాకు బావగారే. బాధలో కార్డు మా షాపుకే రాసేశారు. గల్లా దగ్గర నేనున్నాను, చదివాను.

బావగారూ, మీ కార్యక్రమంలో నేను ఒక్కరోజు కూడా నిద్రపోలేదు. కళ్ళు మూసుకుంటాను, అంతే. మా షాపు ఇంటి ముందుగదే. ఒక చెవిన మీరు వినపడతారు, ఇంకో చెవిన పరమేశ్వరి నవ్వు వినపడుతుంది. వంటింట్లో ఆవిడ అలా నవ్వగా నేను వినలేదు. వ్యాపారం నాకు చేతకాదు, ఆవిడకి వచ్చు. ఈ మాట మా అమ్మ ముందు అనే ధైర్యం లేదు. అందుకని నిద్రపోతాను.

రేడియో లేకుండా కూడా పడుకుని చూశాను. నాకు ఒంట్లో బాగాలేదనుకుని మా అమ్మ పక్కనే కూర్చుని వాము నీళ్ళు తాగించింది. షైని అరుస్తుంటే నిద్రపోయానంటే ఎవరు నమ్ముతారు? డప్పుల రోజు మా అమ్మ గుమ్మంలోనే నిలబడింది, లేవక తప్పలేదు. మీరు మామూలుగా చెబితే మాత్రం ఎవరికీ ఏ అనుమానమూ రాదు. తప్పుగా అనుకోకండి.

విన్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను. పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ పెంచి పొలంలోనే కలిసేలా దున్నేయాలన్నారు. పూతకి ముందా, పూత వచ్చాకా? అది చెప్పకుండానే టైము మార్చేశారు. సెంటు పొలం లేకపోయినా ఆ సంగతి తేలక నాకు నిజంగానే నిద్ర పట్టడం లేదు. ఈ జీలుగ ముక్క వరకే కమిటీకి చూపించండి, సోమవారం రెండింటికి జవాబు రేడియోలో చెప్పండి.

మీ శ్రోత, మీ బావ
రాజేంద్రప్రసాద్

తా.క.: వీలైతే ఇంకో అరగంట ఎక్కువ మాట్లాడండి. నడుం నొప్పి నేను చూసుకుంటాను, ఆవిడని ఇంకాసేపు కూర్చోనివ్వండి.