ఆర్వో సైకిల్ చక్రం

ఫిబ్రవరి 3
కాలేజీలో కొత్త ఫిజిక్స్ ప్రాజెక్టు. తిరిగే చక్రంలో రాపిడి ఎంతో కనుక్కోవాలి. చక్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాలట. మా ఇంట్లో ఉన్నది తమ్ముడు ఆర్వో సైకిలొక్కటే. అక్టోబరులో చేపలకని సుపీరియర్ సరస్సు మీదికి వెళ్ళాడు. పడవ దొరికింది. వాడు దొరకలేదు.

ఆ సైకిల్ ముట్టుకోవడానికి అమ్మ ససేమిరా అంది. సాయంత్రం తనే గరాజ్ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఫిబ్రవరి 4
సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టాను. ముందు చక్రం మధ్యలో ఇరుసు మీద తిరిగే హబ్‌కి దారం చుట్టి, కొసన బరువు కట్టి వదిలాను. బరువు నేల తాకాక చక్రం ఎంతసేపు తిరుగుతుందో చూడాలి. త్వరగా ఆగితే రాపిడి ఎక్కువ. కీచుమంటూ రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. లెక్క చక్కగా వచ్చింది. ఏడుపూ వచ్చింది.

ఫిబ్రవరి 7
రాపిడి తగ్గింది. దారం సరిగా చుట్టలేదేమో.

ఫిబ్రవరి 9
ఇంకా తగ్గింది. కీచుమనడం లేదు.

ఫిబ్రవరి 10
ఫిజిక్స్ చెప్పే గ్రోగన్ సార్‌కి చూపించాను. లెక్కలో తప్పు లేదన్నారు. గ్రీజు కరిగిందేమో అంటే నవ్వారు. బయట ఇంత చలి, గ్రీజు గడ్డకట్టి రాపిడి పెరగాలి కదా అన్నారు.

"అది దానంతటది తగ్గదు, కైసా. మీ ఇంట్లో ఎవరో నూనె వేస్తున్నారు."

ఇంకెవరు, అమ్మే. వచ్చే ఆదివారం చర్చిలో ఆర్వోకి అంత్యక్రియల ప్రార్థన. శవపేటిక లేకుండానే. నేను ఎంతో బతిమాలితే ఒప్పుకుంది. ఇప్పుడు చాటుగా వాడి సైకిల్ సిద్ధం చేస్తోంది.

ఫిబ్రవరి 11, ఉదయం
హబ్ మీద వేలు పెట్టి చూశాను. తాజా నూనె.

అమ్మ కాఫీ పోస్తుంటే మెల్లిగా అన్నాను, నూనె వేసినంత మాత్రాన వాడు రాడని. అమ్మ పాత్ర కింద పెట్టేసింది.

"నేనా? ఆ కీచు చప్పుడు వినబడకపోతే నువ్వే వేస్తున్నావనుకున్నానే. నీ మనసు కష్టపెట్టడమెందుకని ఊరుకున్నా."

కాఫీ చల్లారిపోయింది. గరాజ్‌కి తాళంచెవి ఒక్కటే. అది ఇన్నాళ్ళూ నా కోటు జేబులోనే ఉంది.

ఫిబ్రవరి 12
అమ్మ పాస్టర్‌కి ఫోన్ చేసి ఆదివారం ప్రార్థన వద్దంది. ఎందుకని అడిగారట. చెప్పలేదట. నేనూ వాదించలేదు.

ఫిబ్రవరి 14
గరాజ్ అరలో ఉండే ఆర్వో నూనె డబ్బా ఖాళీ. కొత్తది కొన్నాను. మూత తీసి చక్రం పక్కన పెట్టాను. గరాజ్‌కి తాళం వేయలేదు.