లాలాగూడ వైపు బాణం

తార్నాక, హైదరాబాదు
12-12-2025, శుక్రవారం

చిరంజీవి శైలజకు, నీ బాపు వెంకటేశం మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం.

ముందు నా చేతిరాతను మన్నించు తల్లీ. ఊరి బడిలో పలక మీద దిద్దిన రాత ఇది, ఆ తర్వాత సంతకానికి తప్ప చేతికి పని పడలేదు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడెక్కడ పోయాయో నువ్వే చూసుకుని చదువుకో. పైగా ఇక్కడ బల్ల లేదు. యూనివర్సిటీలో చెట్టు కింద, స్కూటర్ సీటు మీద అట్ట పెట్టి రాస్తున్నాను. గాలికి కాగితం లేస్తున్నది.

ఇక్కడ నేను, మీ అన్న భూపాల్, మీ వదిన కౌముది బాగున్నాము. నువ్వు, అల్లుడు సామేలు, పసిబిడ్డ అక్కడ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. చలి బాగా ఉంది. బిడ్డ చెవులకు గుడ్డ కట్టు. నువ్వు కూడా కట్టుకో.

నువ్వు ఫోన్ చేస్తే ఆఁ ఆఁ అని పెట్టేస్తున్నానని నీకు కోపంగా ఉంటుంది. ఫోన్లో నాకు మాట రాదు. ఎదురుగా ఉంటే మాత్రం ఏం వచ్చింది. మీ అమ్మ ఉన్నన్నాళ్లు నా వంతు మాటలు కూడా ఆమే మాట్లాడేది. అందుకని రాస్తున్నాను.

బిడ్డను ఉయ్యాలలో వేసిన నాడు, తొట్టెలకు నేను రాలేదు. తొట్టెల కట్టవలసింది తల్లిగారింటి వాళ్లు. మీ అత్తగారి ముందు, మీ చర్చి వాళ్ల ముందు, మన తరఫున ఒక్క మనిషి లేక నువ్వు ఎంత చిన్నబోయావో నాకు తెలుసు. నువ్వు కార్డు పంపావు. సామేలు అయితే పాల బూత్ దగ్గర నా కోసం నిలబడి మరీ చెప్పాడు. మామా, మీరొచ్చి చెయ్యి వేస్తెనే పోరిని తొట్లె ఏస్తం, ఎంతసేపైనా ఆగుతం అన్నాడు. మీ పెళ్లికి రాని మనిషితో ఆ మాట అనడానికి ఎంత మంచితనం ఉండాలి. మీరు ఆగి ఉంటారు కూడా. నేను ఎందుకు రాలేదో చెప్పాలంటే ముందు ఒక మిషన్ సంగతి చెప్పాలి.

మీ వదిన రాళ్ల మీద పరిశోధన చేస్తుంది కదా. రోజూ పొద్దున ఆమెను డిపార్టుమెంటు దగ్గర దించేది నేనే. దసరా తర్వాత రెండు మూడు సార్లు దారి తప్పాను. తార్నాక చౌరస్తాలో ఒక దారి మూస్తారు, ఇంకో దారి తెరుస్తారు, ఎవరికైనా తప్పుతుంది. భూపాల్ ఊరుకోలేదు. పెద్ద ఫోన్ కొని హ్యాండిల్‌కు బిగించాడు. ఎండలో ఆ అద్దం కనబడదు. నా వేళ్లు కాయలు కాచి ఉన్నాయి, ఎంత రుద్దినా ఫోన్‌కు తెలియదు. ఒకనాడు గుంతలో బండి ఎగిరితే అది ఊడి పడి పగిలింది.

అప్పుడు కౌముది, కొండలు గుట్టలు తిరిగేటప్పుడు తాను పట్టుకుపోయే జీపీఎస్ మిషన్ తెచ్చింది. అరచేతిలో పడుతుంది. బటన్లు ఉంటాయి. మామయ్యకు ఇదే మంచిగుంటది, కింద పడ్డా పలగది, వానల తడిసినా ఏం గాదు అన్నది. సైకిల్ ట్యూబు ముక్కలతో హ్యాండిల్ మధ్యలో బిగించి కట్టింది. భూపాల్ నవ్వి, బాపు గిప్పుడు హిమాలయాలు ఎక్కుతడా ఏంది అన్నాడు. ఎక్కితె ఎక్కనీ, దిగేటప్పుడు పావుకిలో పచ్చిమిర్చి తెమ్మందాం అన్నది ఆమె. ఆ ఇంట్లో నవ్వు తక్కువ కాదు తల్లీ. అది నువ్వు తెలుసుకోవాలి.

ఆ మిషన్‌లో ఇల్లు, డిపార్టుమెంటు, పాల బూత్ అన్నీ గుర్తులు పెట్టి ఇచ్చింది. ఏది కావాలో నొక్కితే బాణం తిరిగి అటువైపు చూపుతుంది. ఇంకా ఎంత దూరమో అంకె వస్తుంది. అంతే. ఇక్కడ కుడికి తిరుగు, అక్కడ ఎడమకు తిరుగు అనదు. దానికి రోడ్లు తెలియవు. దారం లాగి పట్టినట్టు తిన్నగా చూపుతుంది. మధ్యలో హాస్టల్ గోడ ఉన్నా, కోచింగ్ సెంటర్ ఉన్నా దానికి పట్టదు. నేనే చుట్టు తిరిగి బాణాన్ని దారికి తెచ్చుకోవాలి.

ఇంకొక గుణం ఉంది. మనం పోయిన దారి అంతా అది గీత గీసి దాచుకుంటుంది. సాయంత్రం కౌముది దాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తుంది. ఊరి పటం మీద నా గీత ఎర్రగా పడుతుంది. ఆమెకు అదొక సరదా. మామయ్యా, గీ చెట్టు కింద మీ గీత చూడుండ్రి, పిచ్చుక గూడు లెక్క అల్లుకున్నది, పొద్దంత గాడనే కూసుంటున్నరా అని అడుగుతుంది. నీడ చల్లగా ఉందమ్మా అంటాను. భూపాల్ చేతిలో పళ్లెంతో వచ్చి వెనక నిలబడి చూస్తాడు.

ఇప్పుడు నా కష్టం నీకు తెలిసి ఉంటుంది. మీ ఇల్లు కూడా ఆ మిషన్‌లో ఉంది. ఎవరు పెట్టారని ఇప్పుడు అడగకు. అది లేకుండా నేను లాలాగూడకు రాలేను. అది వెంట ఉంటే వచ్చినట్టు దాచలేను. నీ పెళ్లి నాటి నుంచి మీ అన్న నీతో మాట మానేసిన సంగతి నీకు చెప్పేది ఏముంది. గంప కింద కమ్మిన కోడిలా ఉంది నా పని. గంప సందుల్లోంచి అంతా కనబడుతూనే ఉంటుంది.

అయినా తొట్టెల నాడు బయలుదేరాను. తెల్ల ధోవతి కట్టుకున్నాను. మీ ఇంటి గుర్తు నొక్కి, బాణం ఎటు చూపితే అటు పోయాను. సందులు సన్నబడి సన్నబడి చివరికి రైల్వే గోడ వచ్చింది. బాణం గోడనే చూపుతున్నది. అంకె చూస్తే మీ ఇల్లు పిలిస్తే పలికేంత దగ్గర. గోడ అవతల పట్టాలు, పట్టాల అవతల మీ రైల్వే క్వార్టర్లు. గూడ్స్ బండి ఒకటి పోయింది, పోయింది, ఎంతకూ అయిపోలేదు. పంక్చర్ దుకాణం అతను చూసి, తాతా, గీడికెల్లి తొవ్వ లేదు, ఎనుకకు పొయ్యి బ్రిడ్జి మీదికెల్లి తిరిగి పోవాలె అని చెప్పాడు. సరే అన్నాను. కానీ గీత ఇంకా ముందుకు పడితే మీ అన్న చూస్తాడని భయం వేసి, ఇంటికి మళ్లాను.

వచ్చిన దారినే తిరిగి చూపే బటన్ ఒకటి ఉంది. అది నొక్కాను. అది నిజంగానే వచ్చిన దారినే చూపింది. మెట్టుగూడ పెద్ద రోడ్డు మీద నేను ఏ పక్కన వచ్చానో ఆ పక్కనే తిరిగి పోతున్నాను. బస్సులన్నీ నా మీదికే వస్తున్నాయి. ట్రాఫిక్ పోలీసు ఉరికి వచ్చి తాళం తీసేశాడు. ఏంది పెద్దమనిషీ, పెండ్లికొడుకు లెక్క రాంగ్ రూట్ల దర్జాగ వస్తున్నవ్ అన్నాడు. మిషన్ చూపించాను. ఇదేంది, రేడియోనా అన్నాడు. తొవ్వ చెప్తది సారూ, గుట్టలల్ల నడిచేటోళ్లది అన్నాను. గుట్టలల్ల వన్‌వే ఉండది తాతా, గీడ ఉంటది అన్నాడు. బండిని తానే పక్కకు నెట్టి, తాళం చేతిలో పెట్టి పంపించాడు.

తర్వాత ఇంకొకసారి కూడా వచ్చాను. మెట్టుగూడ దాకా వచ్చేసరికి గీత గుర్తుకొచ్చి తిరిగిపోయాను. ఇదీ తల్లీ సంగతి. మీ అన్న మనసు మెత్తబడే దాకా ఓపిక పట్టు. నా మీద కోపం పెట్టుకోకు. బిడ్డకు నా ముద్దులు, అల్లుడికి దీవెనలు.

ఇట్లు,
మీ బాపు
వెంకటేశం

తా.క. మడిచి కవర్లో పెట్టాను. అంటించే ముందు మళ్లీ తీశాను. మీ అన్న మీద రాసింది అబద్ధం. చింపేద్దామంటే ఇంత రాయడానికి మళ్లీ చేయి రాదు. అందుకే కిందనే రాస్తున్నాను.

మీ ఇంటి గుర్తు మిషన్‌లో పెట్టింది భూపాలే. నీ కార్డు మీద అడ్రసు చూసి పెట్టాడు. నాకు పోను ముఖం చెల్లది బాపూ, అది తిడితే పడుత గని, తిట్టకుంట అన్నా అని పిలిస్తె ఏం జెయ్యాలె, నువ్వైతె పొయ్యి పోరిని చూసి రా అన్నాడు. కౌముది తొట్టెల గుడ్డలు, గౌను కొని డిక్కీలో పెట్టింది. నన్ను ఎవరూ ఆపలేదు.

గోడ దగ్గరి నుంచి మళ్లింది గీతకు భయపడి కాదు. పంక్చర్ అతను చెప్పిన బ్రిడ్జి దారి, బండి తిప్పేలోపలే మరిచిపోయాను. మళ్లీ అడగడానికి సిగ్గేసింది. ఇంటికి పోతే ఇద్దరూ ఎదురొచ్చారు. చూశాను అన్నాను. గీత గోడ కాడ్నే ఆగింది గదా మామయ్యా అంటే, బండి అక్కడ పెట్టి నడిచి పోయాను అన్నాను. ఎవరి పోలిక అని భూపాల్ అడిగాడు. మీ అమ్మ పోలిక అన్నాను. వాడు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. పేరు ఏం పెట్టిండ్రు అని కౌముది అడిగితే, ఇంకా పెట్టలేదట అన్నాను. అప్పటి నుంచి రోజూ ఒకటి కొత్తగా చెప్పవలసి వస్తున్నది.

రెండోసారి మెట్టుగూడ నుంచి తిరిగిపోలేదు తల్లీ. బ్రిడ్జి దొరికింది. చుట్టు తిరిగి, బాణం చూసుకుంటూ మీ క్వార్టర్ల లైన్లోకే వచ్చాను. అన్నీ ఒక్క తీరు తలుపులు. ఒక తలుపు మీద కాగితం నక్షత్రం వేలాడుతున్నది, తీగ మీద పసిబిడ్డ గుడ్డలు ఆరుతున్నాయి. మిషన్‌లో అంకె అక్కడే అయిపోయింది. దిగాను. పక్క గడపలో బియ్యం చెరుగుతున్న ఆమె, ఎవరు గావాలె తాతా అని అడిగింది.

చెప్పలేకపోయాను. సిగ్గు కాదు. ఎవరి కోసం వచ్చానో నాకే తెలియలేదు. జేబులోంచి కార్డు తీసి చదివాను. సామేలు అని ఉంది. ఎవరబ్బా అనుకున్నాను. శైలజ అని ఉంది. పేరు చదవగలిగాను కానీ మనిషి కళ్ల ముందుకు రాలేదు. ఆ మిషన్ నన్ను గడప ముందు నిలబెట్టింది, అది ఎవరి గడపో చెప్పడం దాని పని కాదు. లోపల బిడ్డ ఏడ్చింది. తప్పు ఇంటికొచ్చిన అమ్మా అని బండి తిప్పుకున్నాను. బ్రిడ్జి దిగాక నువ్వు గుర్తొచ్చావు. రోడ్డు పక్కన ఆపి చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి వస్తే మళ్లీ మరిచిపోతానేమోనని ధైర్యం చాలలేదు.

ఇప్పుడు పొద్దున కౌముదిని దించాక ఇంటికి పోవడం మానేశాను. ఆమె పని అయ్యేదాకా ఆర్ట్స్ కాలేజీ ముందు ఈ చెట్టు కిందనే ఉంటాను. ఆమె వెనక కూర్చుంటే దారి ఆమే చెబుతుంది. వాళ్లకు ఈ సంగతి తెలిస్తే స్కూటర్ తీసుకుంటారు, నన్ను ఒంటరిగా గడప దాటనివ్వరు. చెప్పకపోతే చూడని బిడ్డ ముచ్చట్లు చెబుతూనే ఉండాలి. గౌను డిక్కీలోనే ఉంది. ఇప్పటికే బిడ్డకు బిగుతు అయి ఉంటుంది.

నువ్వే రా శైలజా. బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టు. నేను తెలియనట్టు చూస్తే ఏడవకు, ఎవరివో చెప్పు. జవాబు వెంటనే రాయి. ఇంటికే రాయి, భూపాల్ చూసినా సరే. కవరు మీద పంపినవారు అన్న చోట నీ పేరు ఒక్కటే రాసి వదిలిపెట్టకు. శైలజ, నీ కూతురిని బాపూ, అని రాయి.