అమ్మ పంపిన ఐసు

చిరంజీవి కోడలికి మీ అత్తయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. అక్కడ హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావనే నమ్ముతున్నాను. నమ్మకపోతే నాకు నిద్ర పట్టదు.

పిల్లలకు బండి ఐసు కొనిపెడుతున్నామా అని నిలదీశావు. లేదమ్మా. మొన్నటి దగ్గు తర్వాత ఆ రంగునీళ్ల జోలికి పోలేదు. ఇంట్లోనే చేస్తున్నాను. బాగా మగ్గిన అరటిపండు, మామిడి గుజ్జు, గట్టి పెరుగు కలిపి గిలకొట్టి చిన్న స్టీలు గ్లాసుల్లో పోసి, ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టిస్తాను. పండు మగ్గితే చక్కెరతో పనిలేదు, ఆ బెంగ పెట్టుకోకు. మొదటిసారి పుల్లలకు బదులు గుచ్చిన చెంచాలన్నీ ఒరిగి మునిగిపోయాయి. ఇప్పుడు గ్లాసు మీద రేకు కాగితం బిగించి దాని మధ్యలోంచి గుచ్చుతున్నాను. పెద్దాడికి పుచ్చకాయది ఇష్టం. మీ ఆయన సరిగ్గా గడ్డకట్టాయో లేదో చూస్తానని చెప్పి రెండు లాగించాడు.

నీకు ఇంతవరకు చెప్పని మాట ఒకటుంది. బుడ్డది మొదట్లో ఈ ఐసు ముట్టకుండా మూతి బిగించుకు కూర్చునేది. నువ్వు వెళ్లాక అన్నం దగ్గరా అదే తంతు. ఎలాగైనా తినిపించాలని, "ఇది అమ్మ పంపిందే" అనేశాను. చెంచా కూడా నాకేసింది. బాగుంది కదా అని రోజూ అదే పాట పాడాను.

మొన్న మధ్యాహ్నం వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. స్టూలెక్కి, ఫ్రిజ్ పైతలుపు తెరిచి, తల లోపలికి పెట్టి మాట్లాడుతోంది.

"అమ్మా, చలేస్తోందా? బయటికి రా. నా దుప్పటి ఇస్తా."

ఎంతసేపటి నుంచి నిలబడిందో, ఐసంతా కరిగి కారుతోంది. పెద్దాడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వబోయాను, నా వల్ల కాలేదు. దాన్ని దింపి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏడ్చాను.

"అమ్మ అందులో లేదే తల్లీ. దూరంగా నర్సు చదువు చదువుకుంటోంది."

"మరి ఐసు ఎవరిచ్చారు?" అంది.

ఒకసారి వస్తే మళ్లీ వదిలి వెళ్లేటప్పుడు పిల్ల తట్టుకోలేదు, చదువు పూర్తయ్యాకే వస్తానని రాశావు. కిందటి ఉత్తరంలో నేనూ సరేనన్నాను. ఆ సరే వెనక్కి తీసుకుంటున్నాను. చదువు మానమనడం లేదు, మానేస్తానన్నా ఒప్పుకోను. ఒక్క ఆదివారం వచ్చి వెళ్లు. నువ్వు గుమ్మంలోంచి నడిచి లోపలికి రావడం అది కళ్లారా చూడాలి. వెళ్లేటప్పుడు ఏడుస్తుంది. ఏడవనీ, ఎత్తుకోవడానికి నేనున్నాను. ఫ్రిజ్‌లో నిన్ను వెతుక్కునే కంటే, వీధిలో నువ్వు వెళ్లిన వైపు చూస్తూ ఏడవడమే మేలు.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే
అత్తయ్య